వాగులో దొరికిన గీత

పకిమె అనే పాతకాలపు నగరం శిథిలాల పక్క పల్లెలో కుండలు చేసేవాళ్ళందరికీ గురువులు అక్కడి పాతవాళ్ళ కుండపెంకులే. ఎర్మీనియా కూడా వాటిని చూసే నేర్చుకుంది. ఆ ఏడు వాన వెలిశాక, దొడ్డి వెనక వాగులో ఆమెకొక పెంకు దొరికింది. దాని మీది నల్లగీత వెంట్రుకంత సన్నగా, ఎక్కడా వణకకుండా సాగింది. మనవరాలి జుట్టుతో కట్టిన కుంచె పట్టుకుని నెల రోజులు ఆ గీత కోసం తంటాలు పడింది. నాలుగు కుండల మీద గీసి, నాలుగూ చెరిపేసింది.

"చచ్చి ఏడువందల ఏళ్ళయినా ఆ మహాతల్లులు నన్ను ఏడిపిస్తున్నారు," అంది.

"కుంచె మార్చి చూడవే," అన్నాడు మొగుడు నికనోర్.

"మార్చాల్సింది కుంచె కాదు, చెయ్యి."

శనివారం నికనోర్ దొడ్డి వెనక గుంజ పాతడానికి తవ్వుతుంటే పగిలిన కుండ అడుగుభాగం బయటపడింది. దాన్ని కడిగి తెచ్చి ఆమె పెంకు పక్కన ఆనించాడు. రెండూ సరిగ్గా అతికాయి. అడుగున ఎర్మీనియా సంతకం ఉంది.

"పాతవాళ్ళెవరూ కాదే, నువ్వే. మన అమ్మాయి ఎల్విరా కడుపులో ఉన్నప్పుడు నేలకేసి కొట్టావు, గుర్తుందా?"

ఆమె పెంకును వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది.

"గుర్తుంది. గీత లావుగా వచ్చిందనే కొట్టాను," అంది.