కాదన్న జవాబు

ఆ డిజైన్ ఆఫీసులో సర్వర్లు చూసే పెద్దాయనకు, ఏ మెషిన్ మొరాయించినా ముందు దానిమీద అరచెయ్యి ఆనించడం అలవాటు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. ఆ ఉదయం ఎవరి కంప్యూటర్లోనూ ఉమ్మడి ఫోల్డర్ తెరుచుకోలేదు. "కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటోంది సార్! మధ్యాహ్నానికి డ్రాయింగులు పంపాలి, కొంప మునిగింది!" అని డిజైనరమ్మ లబలబలాడింది. ఆయన కళ్లజోడు నుదుటిమీదికి తోసి నవ్వాడు. "ఉలుకూ పలుకూ లేకపోతే భయపడాలమ్మా. పొమ్మంటోందంటే మెషిన్ బతికే ఉంది." రాత్రి సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు, అందులో ఫైళ్లు పంచే ప్రోగ్రామొకటి లేవలేదు. దాన్ని లేపాడు, ఫోల్డర్ తెరుచుకుంది.

ఆ తర్వాత, టీ పక్కన పెట్టుకుని, రోజూలాగే కూతురికి ఫోన్ చేశాడు. పాత లాప్‌టాప్ బాగుచేస్తానని తీసుకుని, అందులో ఆమె దాచుకున్న ఫొటోలన్నీ తుడిచేసింది ఆయనే. అప్పట్నుంచీ ఆ ఫోన్ మోగి మోగి ఆగిపోయేది. ఇవాళ రెండో రింగుకే కట్టయింది.

"కట్ చేసేసిందా సార్?" అంది డిజైనరమ్మ జాలిగా.

"చేసిందమ్మా!" అన్నాడాయన, మొహం చేటంత చేసుకుని. "ఫోను చేతిలోనే పెట్టుకుంది."