కలెక్టరుగారి పత్యం

ఇవాళ పొద్దున్న పిల్లల కోసం వెన్న కాచాను. పొంగు తగ్గి, గిన్నె అడుగున మడ్డి ఎర్రబడుతుండగా తమలపాకు తుంచి వేస్తే చిటచిటమంటూ లేచే ఆ వాసనకి ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం గుండె గుభేలుమంటుంది. పదేళ్ల వయసులో, ముక్తేశ్వరంలో మా పెరటి అరుగు దగ్గర మొదలైన గుభేలు అది.

ఆ యేడు రొయ్యలకి తెగులొచ్చి, ఊరవతల చెరువు కౌలుకి తీసుకున్నాయన ఇంజన్లు, మేత బస్తాలు, ఆఖరికి పాక మీది రేకులు కూడా పట్టుకుపోయి, కాపలా కుక్కని మాత్రం గట్టున గొలుసుతో వదిలేసి పోయాడు. మా నాన్నగారు దాన్ని రిక్షాలో వేసుకొచ్చిన సాయంత్రం వీధివీధంతా నోరెళ్లబెట్టింది. దూడంత ఎత్తు, ఎముకలు లెక్కపెట్టేలా ఒళ్లు. అంత ఆకలిలోనూ, పెట్టేదాకా గిన్నె వంక చూడకుండా తల నిటారుగా పెట్టుకుని కూర్చునేసరికి, "ఇదేం కుక్కర్రా, కలెక్టరుగారిలా ఉంటేనూ!" అంది మామ్మ. ఆ పేరే ఖాయమైంది. కుక్కని గడప తొక్కనివ్వని మామ్మే వారం తిరక్కుండా "కలెక్టరుగారు భోంచేసేరా?" అని అడగడం మొదలుపెట్టింది.

అది తిన్నదల్లా కక్కేస్తుంటే చూడ్డానికి అమలాపురం నుంచి వచ్చిన పశువుల డాక్టరుగారు, దీనికి కొవ్వు అరగదనీ, నూనె, నెయ్యి, కొబ్బరి ఏది తగిలినా ప్రాణం మీదికొస్తుందనీ చెప్పారు. కొబ్బరి పడకుండా పచ్చడైనా నూరని మా సీమలో ఇదేం పత్యమో! మెత్తగా ఉడికిన అన్నం, ఆనపకాయ ముక్కలు, వెన్న తీసిన మజ్జిగ. నాన్నగారు పెరటి కుంపటి మీద గుడ్డు ఉడకబెట్టి తెల్లసొన విడిగా పెట్టేవారు. ఆ కాసేపూ మామ్మ అటు తిరిగి జపం చేసుకునేది. అన్నం మాత్రం తనే కలిపేది. కాపలా నాది. శ్రావణమాసంలో ఇంటింటా బూరెలు వేగుతుంటే, తొక్కుడుబిళ్ల ఆట కూడా మానేసి, ఎవరూ దానికి ఏమీ పెట్టకుండా గుమ్మంలో కాపు కాసేదాన్ని.

అయినా జబ్బు తిరగబెట్టింది, ఒకసారి కాదు, మూడుసార్లు. ముందుకాళ్లు నేలకి ఆనించి, నడుం పైకెత్తి అది మూలుగుతుంటే చూడలేకపోయేవాళ్లం. "ఇంకోసారి వస్తే నేనేం చెయ్యలేనండీ" అన్నారు డాక్టరుగారు. ఎవరో పెడుతున్నారు! నా అనుమానమంతా దడి అవతలి వరాలు పిన్నిగారి మీద. రోజూ కొబ్బరి కోరుతూ కూర్చునేది, దడి కంతలోంచి మా పెరట్లోకి వచ్చిపోయేది ఆవిడే. ఒళ్లు తెలియని కోపంతో, వీధిలో నలుగురూ వినేలా, "మా కుక్కని చంపేస్తున్నారు మీరు!" అని అరిచాను. ఆవిడ కోరుతున్న చెయ్యి ఆగిపోయింది. "నేనా, అమ్మలూ?" అని మాత్రం అంది. సాయంత్రానికి ఆ కంతకి కొబ్బరి మట్టలు అడ్డంగా కట్టేసి ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం మామ్మ కలిపిచ్చిన గిన్నె పట్టుకుని అరుగు దగ్గరికి వెళ్తుంటే, ఎండ పడి అన్నం మీద ఏదో పసుపుపచ్చగా మెరిసింది. వాసన చూశాను. గిన్నెతో సహా వెనక్కి వంటింట్లోకి పరిగెత్తాను.

"మామ్మా, నెయ్యి వేశావా?"

"అబ్బే, నెయ్యి కాదే, అభిఘారం. చుక్కేగా! అది లేకుండా అన్నం ఎవరికైనా ఎలా పెడతాం?"

ఎవరికి వడ్డించినా ముందు నేతిచుక్క వేసి అన్నం శుద్ధి చెయ్యడం మామ్మకి కాపరానికొచ్చిన నాటి అలవాటు. మామ్మ చుక్కంటే చిన్న గరిటెడు. అదీ నెయ్యేనని ఆవిడకి తోచలేదు. రోజుకి రెండు పూటలా కళ్లెదుటే జరుగుతున్నా మాకూ తోచలేదు. తనన్న మాట అప్పుడే తనకీ వినపడ్డట్టు మామ్మ నేతిగిన్నె వంక చూసింది. దాన్ని కింద పెట్టడం కూడా చేతకాక అలాగే నిలబడిపోయింది. ఆ మొహం నేను మర్చిపోలేను.

కాసేపటికి తనే దడి దగ్గరికి వెళ్లి, మట్టలు పీకి, "వరాలూ, తప్పు నాదమ్మా" అంది. పిన్నిగారు పరిగెత్తుకొచ్చి మామ్మ చేతులు పట్టుకుంది. నేను స్తంభం చాటునే ఉండిపోయాను. అనవలసిన ఆ మాట ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కలెక్టరుగారు ఆ తర్వాత మూడేళ్లు దర్జాగా బతికారు. ఆ మూడేళ్లూ మామ్మ తన అన్నంలో కూడా నెయ్యి వేసుకోలేదు.

ఇప్పుడు ఆ అరుగు లేదు. దడి ఉన్నచోట గోడ లేచింది. మామ్మా లేదు, పిన్నిగారూ లేరు. ఇవాళ మధ్యాహ్నం మావారికి అన్నం వడ్డించాను. ఆయన గుండెకి స్టెంటు వేసి నెల కాలేదు; నెయ్యి పేరెత్తొద్దన్నారు డాక్టరు. ఆయన కంచం వంక చూసి, నా వంక చూశారు. అన్నం మీద పసుపుపచ్చగా మెరుస్తోంది. నేతిగరిటె నా చేతిలోనే ఉంది.