మావకు కిడ్నీ ఇద్దామని మద్రాసు అవతలికి

"మీ అమ్మా నేనూ ఒక కడుపున పుట్టినోళ్ళం. నీ నెత్తురు నాకు కలవకపోడమేటే?" అన్నాడు మావ.

"పడుకో మావా. అనకాపల్లి వస్తే లేపుతాను," అన్నాను.

మా ఇద్దరి మధ్య అవే చివరి మాటలు. ఇంటికి తిరిగొస్తున్నాం, అప్పటికి మా మెయిలు బండి తుని దాటింది. అనకాపల్లి వచ్చాక లేపితే లేవలేదు.

మావంటే నా పెనిమిటి సన్నిబాబు. మా అమ్మకు సొంత తమ్ముడు. మాది చోడవరం. చెరుకు ఆడే రోజుల్లో బెల్లం వండేవాడు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా తమ్ముడు అప్పారావు రాస్తున్నాడు. వాడు బుచ్చయ్యపేట బడిలో పంతులు. మేం వెళ్ళొచ్చిన ఆసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళు మన వైపు ఇంకా ఉంటారు. వాళ్ళ కోసం ఇది.

మావకు ముందు మొహం ఉబ్బింది, తర్వాత కాళ్ళు. వైజాగు డాక్టరు చూసి, రెండు కిడ్నీలూ చెడిపోయాయన్నాడు. మద్రాసు అవతల ఒక ఆసుపత్రిలో ఒకరి కిడ్నీ తీసి ఇంకొకరికి పెడుతున్నారట, మన దేశంలో ఇంకా కొత్తట. నాది ఇస్తాననుకుని బయలుదేరాను.

పొద్దున్న బస్సులో అనకాపల్లి వెళ్ళి, అక్కడ మెయిలెక్కాం. థర్డుక్లాసు. కిటికీ పక్కన చోటు దొరికింది గానీ బొగ్గు నలుసులు కళ్ళలో పడుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం మూట విప్పాను. మావకు ఉప్పు పనికిరాదు. ఎదురు బల్ల మీద సామర్లకోట ఆవిడ మా అన్నం వంక చూసింది.

"ఉప్పేసుకోకుండా తింటన్నారు, ఏ నోమమ్మా?"

"మా ఆడది పట్టించిన నోము," అన్నాడు మావ. "ఉద్యాపన ఎప్పుడో అదీ సెప్పదు."

ఆవిడ నవ్వి ఆవకాయ ముక్క తీసింది. నేను వద్దన్నాను. మావ ఆ ముక్క వైపే చూస్తూ అన్నం ముగించాడు.

తెల్లారి మద్రాసులో దిగి, బండి మారి, మళ్ళీ మూడు గంటలు. వెళ్ళేవాళ్ళు చిన్న పొయ్యి, గిన్నెలు పట్టుకెళ్ళండి. ఆసుపత్రి ఎదుట వండుకునే గదులు అద్దెకిస్తారు. హోటలు సాంబారు నిండా ఉప్పే.

డాక్టరు అరవాయన. నెల్లూరు నర్సమ్మ ఆయన మాటలు మాకు తెలుగులో చెప్పేది. రక్తాన్ని కడిగే మిషను అక్కడ ఒక్కటే ఉండేది. బయట బెంచీ నిండా మనుషులు. మావను రెండు సార్లు దాని మీద పడుకోబెట్టాక ఊపిరి తేలికపడింది. అప్పుడు నర్సమ్మ వచ్చి, "నీకు మూత్రపిండం ఎవరిస్తారన్నా?" అంది.

"పిండం పెట్టించుకోడానికి నేనింకా బతికే ఉన్నాను గదమ్మా," అన్నాడు మావ.

ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ముందుకొచ్చి నాది తీసుకోమన్నాను. పెళ్ళానిది పనికిరాదు, రక్తసంబంధం కావాలన్నారు.

"ఈయన నాకు మేనమావ. మా అమ్మకి తమ్ముడు," అన్నాను.

నర్సమ్మ ఆ మాట చెప్పగానే డాక్టరు నావైపు తిరిగాడు. మీ అమ్మ ఉందా, పోతే ఎలా పోయిందని అడిగాడు. ఒళ్ళంతా నీరుపట్టి, ఆయాసంతో పోయిందన్నాను. మావకు తీసినట్టే నాకూ కిడ్నీల ఫొటో తియ్యమన్నాడు. చేతికి మందెక్కించి తీశారు. ఒళ్ళంతా వేడెక్కింది. ఇంకేముంది, ఇచ్చేసినట్టే అనుకున్నాను.

మర్నాడు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. వెలుతురుకు ఎదురుగా రెండు ఫొటోలు పెట్టారు. ఒకదాన్లో సాలీడు కాళ్ళలా సాగిపోయిన తెల్లగీతలు. రెండోదాన్లోనూ అవే.

"ఆయనకి రెండుసార్లు తీసేరేటమ్మా?" అని అడిగాను.

"కాదక్కా. ఇది నీది."

లోపల నీటిబుడగలు పెరిగి కిడ్నీని తినేస్తాయట. వంశంలో దిగే జబ్బట. మా అమ్మకూ, మావకూ, నాకూ. నాకు ఇంకా కొన్నేళ్ళు టైముందన్నారు. నాది తీసి ఆయనకు పెట్టడానికి లేదన్నారు. తోడబుట్టినవాళ్ళున్నారా అంటే ఒక తమ్ముడున్నాడన్నాను.

"అతన్ని పిలిపించమంటున్నారు సారు," అంది నర్సమ్మ. "అతనివి బాగుంటే ఒకటి మీ ఆయనకిస్తాడు. బాగలేకపోతే ముందే తెలుస్తుంది. ఈ జబ్బు మన దేశంలో ఏ ఇళ్ళలో ఉందో ఎవరికీ తెలీదు. మీలాంటోళ్ళు వచ్చి చెప్తేనే తెలిసేది."

వరండాలో మావ గోడకు చేరబడి ఉన్నాడు. "ఏటన్నారే?"

"నా నెత్తురు కలవనేదంట. తమ్ముణ్ణి రమ్మన్నారు."

నిజం చెబితే తన జబ్బు వదిలేసి నా కోసం ఏడుస్తాడు. అందుకని అంతే చెప్పాను.

"ఆడికి మొన్ననే గదే ఆడగుంట పుట్టింది. పొట్ట కోయించుకోమని ఆడినెలా అడుగుతావు? టెలిగ్రాం కొట్టకు. ఇంటికి పోదాం పద."

ఎంత బతిమాలినా వినలేదు. డాక్టరు చెప్పినా వినలేదు. మళ్ళీ మెయిలెక్కాం. దారిలో ఆయన అడిగింది ఒక్కటే, నా నెత్తురు ఎందుకు కలవలేదని.

అనకాపల్లిలో కూలీలు దించారు. బస్సు కండక్టరు తలొంచుకుని, "శవాన్ని ఎక్కించుకోకూడదమ్మా," అన్నాడు. బెల్లం దించేసి చోడవరం వెళుతున్న లారీ దొరికింది. డ్రైవరు మావను ఎరుగును.

"ముందుకొచ్చి కూకో అక్కా. ఎనకాల ఎండకి సొమ్మసిల్లిపోతావు."

నేను వెనకే కూర్చున్నాను. లారీ బల్లలన్నీ బెల్లపు జిగురు. చోడవరం వరకూ కొంగుతో ఈగలు తోలుతూనే ఉన్నాను. అంత దూరం వెళ్ళొచ్చిన ప్రయాణంలో నాకు బాగా గుర్తున్నవి ఆ ఈగలే. వెళ్ళడం తప్పని మాత్రం అనను. ఒళ్ళు ఉబ్బాక వెళ్ళాం. ఉబ్బకముందే వెళ్ళాల్సింది.

డాక్టరన్న ఆ కొన్నేళ్ళూ అయిపోయి, ఇప్పుడు నా కాళ్ళకు నీరు దిగింది. వేలితో నొక్కితే గుంట పడుతోంది. నా మాట అయిపోయింది, మిగిలింది నీ సంగతి. ఒరే అప్పారావూ, రాయడం ఆపేసేవేటి? రాయి. నువ్వూ ఆ తల్లి కడుపునే పుట్టేవు. ఏటీ బాధ నేదంటావు. ఆ ఫొటో తీసిన్నాడు నాకూ ఏ బాధా నేదు. నీకిద్దరు పిల్లలు. ఆ ఫొటో ఇప్పుడు వైజాగులోనే తీత్తన్నారంట, ఎల్లి తీయించుకో. ఇదీ రాసేవా? అయితే మొదట్నించి సదువు, ఇంటాను. ఏ మాటా ఒగ్గీకు.