మామ చూసిన నల్ల అద్దం

మీ ఇంట్లో నల్లటి గాజు ఏదైనా ఉందా? దాన్ని కంటికి ఆనించుకుని ఎప్పుడైనా సూర్యుణ్ణి చూశారా? చూడాలని మనసులో ఉందా? జవాబు నాకు చెప్పనక్కరలేదు. మా మామ సంగతి విని, మీకు మీరే చెప్పుకోండి.

ఆయన పోయిన కబురు నాకు పుంగనూరు భజన మందిరంలో అందింది. పురాణం చెప్పడానికి గ్రంథం ఒళ్లో తెరిచి పెట్టుకుని, కంటికి కనిపించేదే నిజమనుకునే వాళ్ల మీద గొంతు చించుకుంటున్నాను. ఫోను మోగింది. కుప్పంలో తమ్ముడి ఇంటికి వెళ్లిన మామ, గుండెలో పట్టేసినట్టుందని గోడకు ఆనుకుని, ఆనుకున్నట్టే ఒరిగిపోయాడట. గ్రంథం మూసేశాను. ఆయన్ని తెస్తున్న వ్యాను పలమనేరు మీదుగా వస్తే, పుంగనూరులో ఎక్కి మదనపల్లె దాకా ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను.

మామ అంటే మా అమ్మకు అన్న. మదనపల్లెలో ఫోటో స్టూడియో నడిపేవాడు. పెళ్లిళ్లు, సీమంతాలు కడుపు నింపేవి. మనసంతా మాత్రం లెన్సు ముందు బిగించే గుండ్రటి అద్దాల మీద, అంటే ఫిల్టర్ల మీద. ఫిల్టరు కొనాలని ఎవరడిగినా తోడు వెళ్లేవాడు. ముందు లెన్సు అంచు మీద రాసున్న సైజు చూసేవాడు. తెల్లటి గాజులా ఉండే యూవీ ఫిల్టరును ట్యూబులైటు కింద అటూ ఇటూ వంచేవాడు. కిటికీ అద్దంలో లాగా వెలుగు తెల్లగా తిరిగొడితే పక్కన పెట్టేసేవాడు. లేత పచ్చగానో ఊదాగానో మెరిస్తే పూత మంచిదని తీసుకోమనేవాడు. "ఇప్పటి కెమెరాలకు ఇది ఉన్నా లేకున్నా ఒకటేనప్పా. దుమ్ముకు, గీతలకు అడ్డం, అంతే" అని అంగడివాడి ఎదుటే చెప్పేవాడు. అంగడివాడి మొహం మాడిపోయేది.

కనిపించని వెలుగుతో ఫోటోలు తీసే ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టరుకైతే ఇంట్లోని టీవీ రిమోటు జేబులో వేసుకుని పోయేవాడు. దాన్ని కెమెరా వైపు పెట్టి నొక్కితే, మామూలు కంటికి కనిపించని వెలుగు కెమెరా తెర మీద చుక్కగా కనిపించాలి. కనిపించకపోతే ఆ కెమెరాకు ఆ ఫిల్టరు దండగ. ఇంట్లో అత్త టీవీ ముందు కూర్చుని ఆయన్ని తిడుతూ ఉండేది.

ఆ ఫిల్టరు బొగ్గులా నల్లగా ఉంటుంది. అది బిగించాక కెమెరా కంతలోంచి చూస్తే ఏమీ కనపడదు, అందుకే ముందే గురి చూసుకుని తర్వాత బిగించాలి. నిమ్మనపల్లె దారిలో ఒక మామిడి తోటను అట్లా తీశాడు. ఆకులన్నీ వెన్నలా తెల్లగా, ఆకాశం నల్లగా వచ్చాయి. తోటాయన చూసి, "ఏమప్పా, పచ్చగుండే తోటకు బూజు పట్టించినావే" అన్నాడట. ఆ మాట చెప్పుకుని మామ ఏళ్ల తరబడి నవ్వాడు.

తర్వాత గ్రహణం వచ్చింది. వీధిలో ఆడవాళ్లు పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారు. మిద్దె మీద ఆ నల్ల ఫిల్టరు పట్టుకున్న మామ చుట్టూ జనం. అంత నల్లటి అద్దం చేతిలో ఉండగా భయమెందుకని, మాకూ ఇయ్యి, మాకూ ఇయ్యి అని చేతులు చాపారు. మామ ఇవ్వలేదు. ముందు తాను చూసి, ఏమీ కాదని తేలాకే ఇస్తానన్నాడు. కుడి కన్ను అలసిపోతే ఎడమ కంటికి మార్చుకుంటూ చూశాడు. కంటికి మంట లేదు, నీళ్లు కారలేదు. "సల్లగా ఉండాది, సూడండి" అని చెయ్యి చాపేసరికి మబ్బు కమ్మింది. ఎవరూ చూడలేదు.

సాయంత్రం గోడ అద్దంలో తన మొహం చూసుకుంటే ముక్కూ కళ్లూ ఉండాల్సిన చోట మసక మరక. ఆ మరక మళ్లీ పోలేదు.

ఆ నల్ల అద్దం కంటికి కనిపించే వెలుగునే ఆపింది. కనిపించని దాన్ని ఆపకుండా లోపలికి వదిలింది. చీకటిగా ఉంది కదా అని కంటిపాప ఇంకా పెద్దదిగా తెరుచుకుంది. కాలుతున్నప్పుడు నొప్పి కూడా తెలియలేదు. ఆ మబ్బును దేవుడే పంపాడని మామ అనేవాడు. పంపిన దేవుడు కాస్త ముందు పంపకూడదా అని నేను ఆ దేవుణ్ణే అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. నా సంచిలోని గ్రంథంలో ఇంకా జవాబు దొరకలేదు.

అప్పటినుంచి ఆయన ఎవరిని చూడాలన్నా మొహం కొంచెం పక్కకు తిప్పేవాడు, అంచుల్లో మిగిలిన చూపుతో చూసుకోవడానికి. తెలియనివాళ్లు పొగరనుకున్నారు. చూపు తగ్గింది షుగరు వల్లనని లోకానికి చెప్పాడు. ఫోటోలు తీసేవాడు ఫిల్టరుతోనే కళ్లు పోగొట్టుకున్నాడంటే నవ్వుతారని సిగ్గు. అసలు సంగతి అత్తకూ నాకూ మాత్రమే తెలుసు.

కర్మకాండ ముగిసిన మధ్యాహ్నం, కుప్పం నుంచి వచ్చిన ఆయన తమ్ముడు, మా చిన్నమామ, బీరువాలో కెమెరా పెట్టె చూశాడు. నల్ల అద్దం తీసి వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"వదినా, ఇది నాకియ్యి. గ్రహణానికి పిల్లోళ్లకు పనికొస్తాది. అన్న కండ్లు బాగున్నప్పుడు ఇచ్చింది ఒకటి మా ఇంట్లో ఉండాది, దానికోసం ఇద్దురూ కొట్లాడుకుంటాండారు."

అత్త లేచి ఆయన చేతిలోంచి అద్దం తీసుకుంది. అరవలేదు, ఏడవలేదు.

"మీ అన్న కండ్లు తినింది షుగరు కాదప్పా. ఇదే."

చిన్నమామ జేబులోంచి ఫోను తీశాడు. ఇంటికి చేశాడు. కుప్పంలో ఎవరూ ఎత్తలేదు. బయట ఎండ మండుతోంది. మళ్లీ చేశాడు. ఎత్తగానే ఇంకేమీ అడగకుండా, "ఆ నల్లద్దం యాడుండాది? పిల్లోళ్ల చేతిలో ఉంటే ముందు పెరుక్కో" అన్నాడు. అటునుంచి, అది అటక మీదే ఉందని జవాబు వచ్చింది. చిన్నమామ ఫోను జేబులో పెట్టుకుని, కెమెరా పెట్టె మూసేశాడు.

అత్త ఆ అద్దం మీద ఎర్ర పెయింటుతో అడ్డంగా గీత గీసి, మామ పటం కింద పెట్టింది. చూపు పోయిన తర్వాత తీసిన ఫోటో అది. అందులో ఆయన మనల్ని చూడడు. మన భుజం పక్కగా, మన వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు చూస్తుంటాడు.

ఆ వెనక నిలబడింది మీ పిల్లలే అనుకోండి. లేవండి. అటక మీద, బీరువాలో, పాత కెమెరా సంచిలో వెతకండి. నల్ల ఫిల్టరు గానీ, తెల్ల యూవీ గానీ, ఎక్స్‌రే ముక్క గానీ, ఏదీ సూర్యుడి కోసం చేసింది కాదు. గ్రహణం చూడాలంటే అందుకోసమే చేసిన కళ్లద్దాలు తెచ్చుకోండి. లేదా అట్టకు సన్నని చిల్లు పెట్టి, సూర్యుడికి వీపు తిప్పి, నేల మీద పడే వెలుగును చూసుకోండి. ఆ నల్ల అద్దం మీద ఎర్ర గీత గీయండి. రేపు కాదు, గ్రహణం వచ్చినప్పుడు కాదు. ఈ కాగితం కింద పెట్టి, ఈ పూటే.