భీమశంకరం గారి ‘అలాగే ఉంది’

భీమశంకరం గారు డెబ్బయ్యారేళ్ళ జీవితంలో ఏ సంగతీ బాగుందని ఒప్పుకున్న పాపాన పోలేదు. కూర అమోఘంగా కుదిరితే “తినొచ్చు” అనేవారు. కూతురు జయంతికి చిన్నప్పుడు సైన్స్ ఫెయిర్‌లో మొదటి బహుమతి వస్తే “పాల్గొంది లెండి” అన్నారు. ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన మందుల కంపెనీలో, ఆయన చెయ్యిపడ్డ మాత్రకు అనుమతి వచ్చిందని అందరూ కేకు కోస్తుంటే “ఏదో, బిళ్ళ” అని ఊరుకున్నారు.

“దిష్టి భయమా నాన్నా?” అంటే, “నా మొహానికి దిష్టి కూడానా!” అనేవారు.

ఇంత ముచ్చటైన అలవాటు 2014 చలికాలంలో ఆయన కొంప ముంచింది.

అమెరికాలో, కూతురు ఉండే ప్లెయిన్స్‌బరోలో మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యాక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. థెరపీ చేయించే అవని అక్కడే పుట్టిన తెలుగు పిల్ల. తన తెలుగు మీద ఆమెకు అపారమైన నమ్మకం. రోజూ “అంకుల్, లెగ్ ఎలా ఉంది?” అనేది. ఆయన రోజూ “ఏదో, అలాగే ఉందమ్మా” అనేవారు. ఆమె రోజూ శ్రద్ధగా “మార్పు లేదు” అని ఇంగ్లీషులో రాసేది. తెలుగు రాని మనిషైతే కాలు చూసి రాసి ఉండేది.

మూడోవారం ఇన్సూరెన్స్ వారి కాగితం వచ్చింది. రోగిలో మెరుగుదల లేదు కనుక గురువారంతో థెరపీకి కవరేజీ ఆఖరు. అభ్యంతరముంటే బుధవారం మధ్యాహ్నం పన్నెండులోగా అప్పీలు చేసుకోవాలి. తగ్గలేదు కనుక వైద్యం ఆపేస్తామనే ఈ తర్కం చదివి జయంతి కుర్చీలో కూలబడింది. ఆమె అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్లెక్కడం రాకుండా ఇంటికి పంపితే ఆయన ఇక మంచానికే అంకితం.

బుధవారం పదిన్నరకు అవనిని పట్టుకుంది.

“టూ స్టెప్స్ నుంచి ఫోర్టీన్‌కి వచ్చాడు ఆంటీ! కౌంట్ సెకండ్ పేజీలో రాశాను, వాళ్ళు చదవలేదేమో. బట్ అంకుల్ డైలీ అలాగే ఉంది అంటాడు. సేమ్ అనే కదా మీనింగ్?”

“మా నాన్న అలా అన్నాడంటే బాగుందనమ్మా!”

“మరి బాగాలేకపోతే ఏమంటాడు?”

“అప్పుడూ అదే అంటాడు.”

అవని తల పట్టుకుంది. జయంతి తండ్రి గదికి పరుగెత్తింది. అక్కడ పక్కమంచం శేషగిరి గారిది. పక్షవాతంతో ఆయనకు ఎడమవైపు పడిపోయింది.

“నాన్నా, ఫోన్ కలుపుతాను. నడుస్తున్నానని ఒక్క ముక్క చెప్పు.”

“ఏదో, అలాగే...”

“నీకు దండం పెడతాను!”

ఆయన చక్రాల కుర్చీని బయటి నడవాలోకి తొయ్యమని సైగ చేశారు. తలుపు మూయించారు.

“పద్నాలుగడుగులు వేశానే,” అన్నారు గుసగుసగా. “నువ్వు మెల్లిగా మాట్లాడు. శేషగిరి గారికి రెండు నెలలుగా వేలు కూడా కదల్లేదు. ఆయన వింటూండగా నా కాలు గురించి దండోరా వెయ్యనా?”

జయంతి నోరు తెరిచింది. “అయితే అప్పుడు నా సైన్స్ ఫెయిర్?”

“మన ఎదురింటి కనకదుర్గ గారి అమ్మాయి మొదటి రౌండులోనే ఓడిపోయిందిగా. పక్కనే నిలబడి ఉంది, పాపం. అది సరే, రేపటితో శేషగిరి గారికీ ఆపేస్తారట. కాగితం దిండు కింద దాచారు.”

“ఆపడానికి వీల్లేదు నాన్నా! నిన్నంతా అదే చదివాను. మెరుగవ్వాలని రూలే లేదట. ఉన్న ఓపిక జారిపోకుండా చూడ్డానికి థెరపిస్టు చెయ్యి తప్పనిసరైతే చాలట.”

“అయితే ముందు ఆయనకు చెయ్యి ఫోను. నాకు బాగానే ఉందిగా!”

జీవితంలో మొదటిసారి ఆ మాట ఆయన నోట వచ్చింది, తన వంతు వదులుకోవడానికి.

శేషగిరి గారిని అడిగి దిండు కింది కాగితం తీసుకుంది జయంతి. పదకొండూ యాభైకి రెండు అప్పీళ్ళూ నమోదయ్యాయి. మర్నాడు ఇద్దరికీ థెరపీ పొడిగించారు. ఎన్నాళ్ళకో చెప్పలేదు. మళ్ళీ కాగితం వస్తుంది, మళ్ళీ పోట్లాడాలి. ఆ దేశంలో జబ్బు చేసినవాడికి ముందు కావలసింది ఓపిక. అదేమో జబ్బు చేసినవాడి దగ్గర ఉండదు.

సంగతి విని శేషగిరి గారు సగం నోటితో నవ్వారు. “శంకరం గారూ, మీరు నడుస్తున్నారని నాకు రెండు వారాలుగా తెలుసండీ. పక్షవాతం వచ్చింది కాలికీ చేతికీ, చెవులకు కాదు. ఇకనైనా ఆ తలుపు మూయించడం మానండి, హీటరుతో ఉక్కపోస్తోంది.”