పెద్దమ్మ కూర్చుంటే వంగిన చెక్క

ఇంటి ముందు చిన్న పడవ కడుతున్నాను. పక్కచెక్క కోసం వంచబోతే నిన్న ఒక ప్లైవుడ్ షీటు ఫట్‌మని విరిగింది. ఇంకా రెండే ఉన్నాయి. అందుకే ఈ రోజు ఒకదాని చివర్లు ఇటుకల మీద పెట్టి, కేసముద్రం మార్కెట్లో కొన్న గోనెసంచులు కప్పి, వేడినీళ్లు పోశాను. నడుమ బరువు కావాలి. అంతలో పక్కింటి పెద్దమ్మ వచ్చింది. తడిసిన చెక్క నడుమ పీట వేశాను.

"పెద్దమ్మా, జర దీని మీద కూసో. మెల్లగ."

"ఇరుగుతదేమో బిడ్డా!"

"ఏం గాదు. లేవకు, చాయ్ తెస్త."

మూడు చాయ్‌లు, ఊరి ముచ్చట్లన్నీ అయ్యేసరికి చెక్క ఎక్కడా చిట్లకుండా చక్కగా వంగింది. ఇక లేవమన్నాను.

"గింత బతిమాలి నన్నెవ్వలు కూసోబెట్టలే బిడ్డా. రేపు రెండోదానికి గూడ నేనే కూసుంట" అంది.

రేపటితో చెక్కలు అయిపోతాయి. ఎల్లుండి ఆమెను ఏ వంకతో పిలవాలో మీరే చెప్పండి.