పిడికిలి మామకు మూడో స్థానం

ఆ రోజుల్లో లోకంలో ఎవరు గొప్పో తేల్చనిదే నాకు అన్నం సయించేది కాదు. ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్లో చీరలు మడతపెట్టే ఉద్యోగం. బేరాల్లేని మధ్యాహ్నాలు ఫోన్లో పాత బాక్సింగ్ పోటీలు చూసేవాణ్ణి. వందలకొద్దీ చూశాను. (గ్లౌజులు తొడిగింది మాత్రం ఒక్కసారీ లేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) అందుకే జమ్మలమడుగులో కొత్త వ్యాయామశాల గోడ మీద మా ప్రాంతపు మేటి బాక్సర్ల పేర్లు వరుసగా రాయించాలని దాని కమిటీ వాళ్లు అనుకున్నప్పుడు, ఆ వరుస తేల్చే పని నాకు అప్పగించారు.

నాకు తోడుగా టేపు తాతను వేశారు. బండలాగుడు పందేల్లో ఏ ఎద్దుల జత బండను ఎంత దూరం లాగిందో ముప్పై ఏళ్లుగా కొలుస్తున్న మనిషి. తీర్పు చెప్పడంలో ఆయనంత అనుభవం ఇంకెవరికీ లేదన్నది కమిటీ వాళ్ల నమ్మకం. ఆ అనుభవం ఎద్దులతో అని ఎవరికీ తట్టలేదు. మొదటి పేరు చదవగానే తాత కళ్లజోడు సర్దుకుని, "ఈయప్ప ఏ విభాగమప్పా? పాలపళ్లా, రెండు పళ్లా?" అన్నాడు. (ఎద్దుల వయసుకు పళ్లే లెక్క కదా.)

అసలు చిక్కు పిడికిలి మామతో వచ్చింది. ఆయన మా అమ్మకు వరసకు తమ్ముడు, పులివెందుల మనిషి. ఆడినన్నాళ్లూ ఒక్క పోటీ ఓడిపోలేదు. గోడ మీద మొదటి పేరు తనదేనని వేంపల్లె దాకా చెప్పుకున్నాడు. నేనూ కళ్లు మూసుకుని ఒకటి అని వేసేశాను. తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంత దూరం లాగినాడనేది తర్వాత. ఎంత బరువు బండ లాగినాడో చూడు ముందు. ఈయప్ప గెలిచినోళ్లలో గట్టోడు ఎవుడుండాడు చెప్పు?"

నవ్వొచ్చింది గానీ, మామ గెలిచినవాళ్ల పేర్లు మళ్లీ తిరగేస్తే గట్టివాడు ఒక్కడూ కనబడలేదు. మామకు ముందు తరంలో ఇద్దరున్నారు. వాళ్లు ఓడారు, నిజమే. కానీ రాష్ట్రంలోకెల్లా మేటివాళ్లతో తలపడి ఓడారు. రెండు రోజులు గుంజాటన పడి మామను మూడో వరుసకు దించాను. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. తీర్పు ముఖాన చెప్పడమే నిజాయితీ అనుకుని పులివెందుల బస్సెక్కాను.

మామ తన రేకుల షెడ్డులో ఇసుక సంచిని గుద్దుతున్నాడు. యాభై దాటాయి, కాస్త పొట్ట కూడా వచ్చింది. నా మాట విని చేతులు దించేశాడు. ముఖం వాడిపోయింది. ఎంతమందికి చెప్పుకున్నాడో గుర్తొచ్చి నాకు నిజంగా బాధేసింది.

"మూడా? నా ఆట యాడ చూసినావు అల్లుడా?"

"ఫోన్లో మామా."

"సరే, గ్లౌజులేసుకో. మూడు నిమిషాలు నాతో ఆడు. తర్వాత ఎన్నో నెంబరైనా రాసుకో."

మూడు నిమిషాలు అక్కర్లేకపోయింది. ఆయన చెయ్యి లేవడం నేను చూడలేదు. చూసింది షెడ్డు రేకుల్ని, అదీ వెల్లకిలా పడి. పైనుంచి మామ ముఖం వంగింది.

"ఇప్పుడు చెప్పు, నేను ఎన్నోవాణ్ణి?"

"ఒకటి మామా," అన్నాను తడుముకోకుండా. (న్యాయనిర్ణేతకైనా ప్రాణం తీపే.)

మామ నవ్వలేదు. నా పక్కనే నేల మీద కూర్చుని గ్లౌజుల తాళ్లు విప్పుకున్నాడు.

"వద్దులే, మూడే రాయి. ఆ ఇద్దరి దగ్గరే నేను ఆట నేర్చుకున్యా. వాళ్ల గుద్దులు శానా తిన్యా. ఇప్పుడు నువ్వు తిన్నది అందులో సగం గూడా కాదు. మూడో నెంబరంటే ఎంతుంటాదో తెలుసుకుని రాస్తావని ఆడమన్యా, అంతే."

గోడ మీద మామ పేరు మూడోదిగానే ఉంది. ఇప్పుడు ఏ ఆటగాడు గొప్పని ఎవరు వాదించుకున్నా నేను నోరు మెదపను. ఫోను పట్టుకుని వీరులందరికీ అంకెలు వేసిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే జాలీ ముచ్చటా రెండూ కలుగుతాయి. ఆ రోజు మామ చెయ్యి అందించగానే లేచి, సిగ్గుతో బస్సుకు పరిగెత్తాడు వాడు. ఇంకాసేపు అక్కడే కూర్చుని, ఆ ఇద్దరి ఆట ఎలా ఉండేదో మామను అడిగి ఉంటే ఎంత బాగుండేది!